గడియ ఎత్తు మూడడుగులు: ఒక కేసు

ఈ కేసు నా దగ్గరికి ప్రేమ కేసుగా రాలేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కేసుగా వచ్చింది. నాలుగు నెలల్లో మూడుసార్లు చలిజ్వరం, మూడు కోర్సుల యాంటీబయాటిక్స్. మూడోసారి డిశ్చార్జి చీటీ మీద డాక్టరుగారు "ఇంట్లో క్యాథెటర్ ఎలా వేస్తున్నారో ఒకసారి చూడండి" అని రాసి నాకు పంపారు. క్యాథెటర్ అంటే మూత్రం తీయడానికి మూత్రద్వారంలోంచి పెట్టే సన్నని ట్యూబు. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఆ ఇంట్లో, ఆ గదిలో, ఉన్న వసతుల్లో వాళ్ళ పనులు వాళ్ళు చేసుకునేలా చూడడం నా పని.

ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆనవాలు పట్టే వివరాలు మార్చాను. రాసింది చదివి వినిపిస్తే ఒక పేరా తీసేయమంది, తీసేశాను. పేర్లు పెట్టను. ఆ అమ్మాయి, ఆ అబ్బాయి అనే రాస్తాను.

నేపథ్యం

ఆ అమ్మాయి వయసు 24. ఐదేళ్ళ కిందట, డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, పిట్టగోడ లేని డాబా మీద మిరపకాయలు తిరగేస్తూ వెనక్కి అడుగేసి పడిపోయింది. నడుముకు కాస్త పైన, టీ12 అనే వెన్నుపూస నలిగిపోయింది. రాడ్లూ స్క్రూలూ వేసి ఎముకను నిలబెట్టారు కానీ లోపలి వెన్నుపాము కోలుకోలేదు. నడుము కింద కదలిక లేదు, స్పర్శ లేదు. ఒంటికీ రెంటికీ వచ్చింది తెలియదు. చేతులు మాత్రం పూర్తి బలంగా ఉన్నాయి.

అమ్మా నాన్నా రెండెకరాల సొంత పొలం, మరికొంత కౌలు చేసుకుంటారు. అక్కకు పెళ్ళయింది. సదరం సర్టిఫికెట్ ఉంది, పింఛను వస్తోంది. ఆగిపోయిన డిగ్రీని దూరవిద్యలో పూర్తి చేసి పోటీ పరీక్షలు రాస్తోంది.

క్యాథెటర్ వేసేది వాళ్ళమ్మ. రోజుకు ఐదుసార్లు, ఐదేళ్ళుగా. తెల్లవారుజామున ఐదింటికి మొదలైతే రాత్రి పదింటికి ఆఖరిది. ఆ ఐదేళ్ళలో ఆవిడ పుట్టింట్లో ఒక్క రాత్రి నిద్ర చేయలేదు. ఆపరేషనైన వారంలో వార్డులో నర్సు ఆ పని తల్లికి నేర్పింది. చేతులు బాగున్న పిల్లకు ఎవరూ నేర్పలేదు. ఆ ఇంటికి నేను వెళ్ళడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు. మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మారడం నేర్పాను, కూర్చున్నచోట పుండ్లు పడకుండా మాటిమాటికీ ముందుకు వంగి బరువు తీయడం నేర్పాను. ఇది నేర్పలేదు. తల్లి శుభ్రంగా చేస్తోంది, జాగ్రత్తగా చేస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

చార్టులో మంగళవారం, శుక్రవారం

వారం రోజులపాటు ఎన్ని నీళ్ళు తాగిందీ, ఏ టైముకు క్యాథెటర్ వేసిందీ, ఎంత వచ్చిందీ రాయమన్నాను. మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తీయాలి. ఒక్కసారికి 500 మిల్లీలీటర్లు దాటేంతగా మూత్రసంచి నిండకూడదు. నిండి సాగిపోతే ఇన్ఫెక్షన్లు వస్తాయి, ఏళ్ళ తరబడి అలా జరిగితే కిడ్నీల మీదికి వస్తుంది. చార్టు చూస్తే ఐదు రోజులు బాగానే ఉంది. మంగళవారం, శుక్రవారం మాత్రం పొద్దున తొమ్మిది తర్వాత మళ్ళీ సాయంత్రం ఐదున్నరకే. నీళ్ళు ముందురోజు రాత్రి నుంచే బంద్.

ఆ రెండు రోజులూ టౌన్‌లో లైబ్రరీకి వెళ్తోంది. నాన్న ఆటోలో దింపి సాయంత్రం తీసుకొస్తాడు. అక్కడ అమ్మ ఉండదు కాబట్టి క్యాథెటర్ ఉండదు. క్యాథెటర్ ఉండదు కాబట్టి నీళ్ళు తాగదు.

"పుస్తకాలు ఇంటికే తెప్పించుకోవచ్చుగా, ఇంత యాతన ఎందుకు?" అన్నాను.

వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "అక్కడికి ఒకరొస్తారు మేడమ్."

ఆ అబ్బాయికి 27. పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కండరాల మీద అదుపు తగ్గిపోయే స్థితి. రెండు కాళ్ళూ బిగుసుకుపోయి మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ నడుస్తాడు, మోచేతి కర్రలు వాడతాడు. మాట మెల్లగా, కాస్త ముద్దగా వస్తుంది. ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, పక్కచక్రాలు బిగించిన స్కూటీ. గుంటూరులో ఒక పరీక్ష రోజున పరిచయం. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళకు రాత పరీక్షలో గంటకు 20 నిమిషాల అదనపు టైము ఉంటుంది. అందుకే అందరూ వెళ్ళిపోయాక ఆఖరున బయటికొచ్చాడు. ఈ అమ్మాయి నాన్న ఆటో కోసం వెళ్ళి ఇంకా రాలేదు. ఖాళీ అయిపోయిన ఆవరణలో మిగిలింది వాళ్ళిద్దరే.

రెండేళ్ళ కిందటి నా మొదటి అసెస్‌మెంట్ ఫారం తీసి చూసుకున్నాను. "సామాజిక సంబంధాలు" అన్న గడిలో "కుటుంబం మద్దతు బాగుంది" అని రాసి ఉంది. అంతే. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు మేం వాడే స్కిమ్ అనే కొలమానంలో మొత్తం వంద మార్కులు. తిండి, స్నానం, బట్టలు, ఊపిరి, మూత్రం, విరోచనం, కదలిక అన్నీ ఉంటాయి. స్నేహితులకు మార్కులు లేవు. నాకూ తట్టలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ముందు తరం వాళ్ళు ఈ రంగంలో ఎక్కువగా చూసింది పోలియో. మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన ఆఖరి కేసు 2011 జనవరిలో నమోదైంది. పోలియో వచ్చినవాళ్ళు కాలిపర్లు వేసుకుని, కర్ర పట్టుకుని, ఎంత కష్టమైనా చాలామంది బాత్రూముకు ఒక్కరే వెళ్ళొచ్చేవాళ్ళు. పోలియోలో స్పర్శ పోదు, మూత్రం మీద అదుపు పోదు. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది వెన్నుపాము దెబ్బలు, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత ఉన్నవాళ్ళు. వీళ్ళ ఒంటిని రోజుకు పదిసార్లు ఇంకొకరు ముట్టుకోవాలి. కండరాల క్షీణతతో చేతులు పైకి లేవని ఒక ఇరవయ్యేళ్ళ కుర్రాడికి వచ్చిన మెసేజ్‌ల జవాబులు వాళ్ళ నాన్నే టైప్ చేసి పెడతాడు. ఆ కుర్రాడు ఎవరికి ఏమని రాయగలడు? ఈ పిల్లల స్నేహాల గురించి మాట్లాడేటప్పుడు మనం సమాజం చూపు, ఆత్మవిశ్వాసం అంటూ పెద్దపెద్ద మాటలు వాడతాం. నా అనుభవంలో అడ్డం పడేది అంతకన్నా చాలా చిన్నది, చాలా దగ్గరది. ఒంటరిగా ఉండే పావుగంట వాళ్ళకు దొరకదు.

నా తప్పు

తర్వాతి వారం వెళ్ళినప్పుడు తల్లి కూడా అక్కడే కూర్చుని ఉంది. లైబ్రరీ రోజుల ప్రణాళిక చెబుతూ, "అతనితో ఉన్నప్పుడు కూడా నీళ్ళు తాగడం మానకమ్మా" అనేశాను. నోరు జారింది.

ఆ సాయంత్రమే ఫోన్ లాక్కున్నారు. లైబ్రరీ మాన్పించారు. ఆ అమ్మాయి ఒక రోజంతా తల్లిని దగ్గరికి రానివ్వలేదు, క్యాథెటర్ వేయనివ్వలేదు. మర్నాడు నూట మూడు జ్వరంతో మళ్ళీ ఆసుపత్రి. నాలుగో ఇన్ఫెక్షన్ నా మాట వల్ల వచ్చింది. కేసు షీటులో ఆ మాటే రాశాను.

ఆలోచిస్తే నాకు కష్టం కలిగించింది నోరు జారడం ఒక్కటే కాదు. నడవగలిగే 24 ఏళ్ళ అమ్మాయి ఎవరైనా ఒక విషయం నాకు రహస్యంగా చెబితే వాళ్ళమ్మ ముందు నా నోటికి తాళం పడేది. ఈ అమ్మాయి దగ్గర పడలేదు. ఆమె ఒంటి సంగతులన్నీ తల్లి ముందే మాట్లాడే అలవాటులో, మనసు సంగతి కూడా తల్లి ముందుదే అయిపోయింది.

ఆసుపత్రి మంచం దగ్గర క్షమాపణ అడిగాను. చాలాసేపు పలకలేదు. తర్వాత, "ఇకమీదట మా అమ్మ లేకుండా అరగంట మాట్లాడదాం మేడమ్. తలుపేసుకుని" అంది. అప్పుడు తెలిసింది, ఆ ఇంట్లో ఆమె వేసుకోగలిగిన తలుపు ఒక్కటీ లేదని. గది తలుపుకు గడియ పైన ఉంది. బాత్రూముకు ఇంకా పైన. కుర్చీలో కూర్చుని చెయ్యి ఎంత చాచినా జానెడు దూరంలో ఆగిపోతుంది.

అద్దం, గడియ

ముందు గడియ మార్చాం. ఊళ్ళో వడ్రంగి వచ్చి, పైన గడియ అలాగే ఉంచి, కింద ఇంకొకటి బిగించాడు. నేల నుంచి మూడడుగులు. పిడి కాస్త పొడుగున్నది తెప్పించాను. బాత్రూము గడప ఎనిమిదంగుళాలు. పద్ధతి ప్రకారం అంగుళం ఎత్తుకు అడుగు పొడవు ర్యాంపు కావాలి, అంటే ఎనిమిది అడుగులు. వరండాలో అంత చోటు లేదు. గడప కొట్టేయడానికి నాన్న ఒప్పుకోలేదు, పసుపు రాసిన గడప అన్నాడు. నేనూ పట్టుబట్టలేదు. వరండా నేలనే వాలుగా ఎత్తు చేయించాం, గడప మిగిలింది, కుర్చీ దాటింది.

తర్వాత అద్దం. ఆడవాళ్ళు సొంతంగా క్యాథెటర్ వేసుకోవడం నేర్చుకునేటప్పుడు మొదట అద్దం కావాలి, మూత్రద్వారం కంటికి కనబడదు కాబట్టి. గోడకు ఆనుకుని మంచం మీద కూర్చోబెట్టి, మోకాళ్ళు దిండ్లతో విడదీసి, మధ్యలో నిలబడే చిన్న అద్దం పెట్టాను. చూడనంది. తల తిప్పేసుకుంది. "ఐదేళ్ళుగా నేనక్కడ చూసుకోలేదు మేడమ్. అది అమ్మది" అంది.

ఆ మాట విన్న రోజు నేను ఇంటికొచ్చి వేరే పని చేయలేకపోయాను.

మూడో రోజు చూసింది. ఐదో రోజు చేతులు కడుక్కుని, వేళ్ళతో విడదీసి, ట్యూబు పెట్టింది. రెండుసార్లు తప్పు చోటికి వెళ్ళింది. మూడోసారి గిన్నెలో నీటి చప్పుడు. ఆ చప్పుడుకు నవ్వింది. మూడు వారాలకు అద్దం అక్కర్లేకుండా వేలితో తడిమి వేసుకునే స్థాయికి వచ్చింది. స్కిమ్‌లో ఆ అంశానికి మార్కులు 3 నుంచి 11కు పెరిగాయి.

మొదటిసారి లోపల గడియ పెట్టుకుని ఒక్కతే వేసుకున్న రోజు నేనక్కడే ఉన్నాను. వాళ్ళమ్మ బయట తలుపు పక్కన నేల మీద కూర్చుని, చెక్క మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. లోపల్నుంచి "అయిపోయిందమ్మా" అని వినబడేదాకా ఆ చెయ్యి తీయలేదు.

అడిగిన ప్రశ్నలు

సెక్సువల్ కౌన్సెలింగ్‌లో జాక్ ఆనన్ 1976లో ప్రతిపాదించిన నాలుగు మెట్ల పద్ధతి ఒకటి ఉంది. ముందు అనుమతి, తర్వాత పరిమిత సమాచారం, ఆ తర్వాత నిర్దిష్టమైన సూచనలు, చివర అవసరమైనవాళ్ళకు లోతైన చికిత్స. నాలాంటివాళ్ళు చేయగలిగింది మొదటి రెండు మెట్లు, మూడోదాంట్లో కొంత. మన ఇళ్ళల్లో మొదటి మెట్టే అన్నిటికన్నా కష్టం. అనుమతి అంటే ఈ విషయం అడగొచ్చు, అడిగితే నీ గురించి తప్పుగా అనుకోను అని మనమే ముందు చెప్పడం. "నీ వయసువాళ్ళు చాలామంది నన్ను ఈ సంగతులు అడుగుతారు. నువ్వూ అడగొచ్చు, అడగకపోయినా పర్లేదు" అన్నాను. రెండు వారాల తర్వాత, గడియ పెట్టిన గదిలో, అడిగింది.

మొదటి ప్రశ్న పిల్లల గురించి. దెబ్బ తగిలిన కొత్తలో నెలసరి కొన్ని నెలలు ఆగిపోవచ్చు, ఈమెకు నాలుగు నెలలు ఆగింది. తిరిగి మొదలయ్యాక గర్భం ధరించే శక్తి మామూలుగానే ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్లు, ఒత్తిడి పుండ్లు, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం గురించి ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆ గడ్డకట్టే ప్రమాదం వల్లే గర్భనిరోధక మాత్రలు కూడా డాక్టరును అడగకుండా వాడకూడదు. ఇవన్నీ చెప్పాను. అప్పుడు ఒక సంగతి బయటపెట్టింది. ప్రమాదమైన ఏడాదికి ఒక ఆసుపత్రిలో వాళ్ళమ్మతో, "ఎటూ పెళ్ళి కాదు, గర్భసంచి తీయించేస్తే నెలనెలా మీకీ చాకిరీ తప్పుతుంది" అన్నారట. పక్క మంచం మీద ఈమె వింటూనే ఉంది. చేతిలో డబ్బు లేక అప్పుడు ఆగింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 10వ సెక్షన్ ఇలాంటివాటి గురించే ఉంది. ఆ మనిషి స్వేచ్ఛగా, విషయం పూర్తిగా తెలిసి ఒప్పుకుంటే తప్ప, సంతానం కలగకుండా చేసే వైద్యం ఏదీ ఎవరూ చేయకూడదు. సెక్షన్ నంబరు కాగితం మీద రాసివ్వమంది. మడతపెట్టి సదరం సర్టిఫికెట్ ఉన్న కవర్లో పెట్టుకుంది.

రెండో ప్రశ్న అడగడానికి మూడు వారాలు పట్టింది. "నాకు తెలియనిచోట అతను ముట్టుకుంటే నేనక్కడ ఉన్నట్టా, లేనట్టా?"

పుస్తకంలో ఉన్నది చెప్పాను. స్పర్శ ఉన్నచోటికీ లేనిచోటికీ మధ్య ఒక సరిహద్దు ఉంటుంది, కొందరికి ఆ సరిహద్దు దగ్గర, మెడ దగ్గర, చెవుల దగ్గర స్పర్శ మునుపటికంటే బాగా తెలుస్తుంది. ముందుగా మూత్రం తీసేసుకోవాలి, తర్వాత చర్మం మీద ఎక్కడైనా ఒరుసుకుందేమో చూసుకోవాలి. ఏది ఇష్టమో, ఏది వద్దో నోటితో చెప్పాలి, ఎదుటివాళ్ళు ఊహించుకోలేరు. ఆమె ప్రశ్నకు ఇది సగం జవాబే. మిగతా సగం ఆమె తెలుసుకోవలసిందే అని కూడా చెప్పాను.

రెండు ఇళ్ళు

లైబ్రరీ మళ్ళీ మొదలవడానికి రెండు నెలలు పట్టింది. ఒప్పించింది నేను కాదు. ఆ రెండు నెలల్లో ఒక్క ఇన్ఫెక్షన్ కూడా రాకపోవడం ఒప్పించింది. పైగా తల్లి ఐదేళ్ళ తర్వాత చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళొచ్చింది. రెండు రాత్రులు ఉండి వచ్చింది.

అయినా ఆవిడ భయం ఆవిడకుంది. "ఇద్దరూ కుంటోళ్ళే అయితే ఎవురు ఎవుర్ని చూసుకుంటారు మేడమ్? నేను పోయినాక అతను దీన్ని ఎత్తగలడా?" అంది. ఆ ప్రశ్నను తీసిపారేయడానికి లేదు. ఎత్తలేడు. ఎత్తనక్కర్లేకుండా ఆమె తనంతట తాను మంచం మీంచి కుర్చీలోకి మారడం ఆవిడకు మూడుసార్లు చూపించాను. మూడోసారి ఆవిడ చేతులు చాచకుండా చూసింది.

అబ్బాయితో రెండుసార్లు మాట్లాడాను, ఆ అమ్మాయి అడిగాకే. అతను చెప్పిందాంట్లో ఒకటి మరిచిపోలేను. కాలేజీలో చదివినన్నేళ్ళూ రాఖీ రోజున అతని చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా నిండిపోయేదట. క్లాసులో ఆడపిల్లలందరూ అతనికే కట్టేవాళ్ళు. "ప్రేమగానే కట్టేవాళ్ళు మేడమ్. ఒక్కరికి కూడా నేను అన్న కాకుండా ఇంకేమైనా అవుతానని తోచలేదు" అన్నాడు. మాట ముద్దగా వస్తుంది కాబట్టి కొత్తవాళ్ళు అతనితో చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఈ అమ్మాయి మొదటిరోజే అతని వాక్యం పూర్తయ్యేదాకా ఆగిందట.

వాళ్ళింట్లో లెక్క వేరు. అబ్బాయికి ఉద్యోగం ఉంది కాబట్టి, పేదింటిదైనా సరే, నడిచే పిల్లను తేవాలి, ఇంటి పనికీ అతని పనికీ. మన దగ్గర వైకల్యం ఉన్న మగపిల్లలకు ఉద్యోగం వస్తే సంబంధాలు వస్తాయి, ఆడపిల్లలకు ఉద్యోగం వచ్చినా రావు. నేను ఇన్నేళ్ళలో చూసిన ఇళ్ళల్లో ఇది దాదాపు మారలేదు. వైకల్యం ఉన్నవాళ్ళను సకలాంగులు పెళ్ళి చేసుకుంటే ప్రోత్సాహక బహుమతి ఇచ్చే సర్కారు పథకం మన దగ్గర ఏళ్ళ తరబడి నడిచింది. సదుద్దేశంతో పెట్టిందే కావచ్చు. ఆ బహుమతిని తలుచుకుంటే నాకు మాత్రం ఎదురు కట్నంలా అనిపిస్తుంది, సరుకులో లోటుకు ఇచ్చే తరుగులా అనిపిస్తుంది.

ఏం జరిగింది

ఎనిమిది నెలలు కలుసుకున్నారు. లైబ్రరీలో, టీ బండి దగ్గర, రెండుసార్లు విజయవాడలో ఒక మాల్‌లో. మాల్ ఎందుకంటే అక్కడ వీల్‌చెయిర్ పట్టే బాత్రూము ఉంది. ఎక్కడ కలుసుకోవాలన్నది వాళ్ళు బాత్రూమును బట్టి తేల్చుకునేవాళ్ళు. కేసు మొదట్లో "నీకు ముఖ్యమైన పని ఏది, దాన్ని ఇప్పుడెంత చేయగలుగుతున్నావో పదికి మార్కు వెయ్యి" అంటే, "బయట ఎవరితోనైనా కూర్చుని టీ తాగడం" అని రాసి 1 వేసుకుంది. ఆరో నెలలో అదే వరుసకు 8 వేసింది. కింద నేను అడగకుండానే "రెండు గ్లాసులు" అని రాసింది.

తొమ్మిదో నెలలో విడిపోయారు.

తల్లి ఫోన్ చేసి ఏడ్చింది. "దీని కాళ్ళు చూసే వదిలేశాడు మేడమ్. నేను చెప్తానే ఉన్నా." నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి కానీ మాట గట్టిగా ఉంది.

"కాదమ్మా. వదిలేసింది నేను. ఏ సంగతైనా వాళ్ళమ్మను అడిగి చెప్తానంటాడు. విజయవాడ వెళ్దామంటే అడగాలి, పరీక్ష ఎక్కడ రాయాలో అడగాలి. నాకు ఓపిక అయిపోయింది."

డిప్రెషన్ ఉందేమోనని మామూలుగా వాడే ప్రశ్నావళితో చూశాను. దిగులుంది, నిద్ర తగ్గింది, రెండు వారాలు అన్నం సరిగ్గా తినలేదు. చచ్చిపోవాలన్న ఆలోచనలు లేవు. మందులు అవసరం పడలేదు. ఈ రోజుల్లో నేను చేసిన పని ఒక్కటే. ఇంట్లోవాళ్ళు ఆ దుఃఖాన్ని కాళ్ళకు అంటగట్టకుండా చూడడం. వాళ్ళక్కకు పెళ్ళికి ముందు ఒక సంబంధం తప్పిపోయి నెలరోజులు ఏడ్చిందని తల్లే చెప్పింది. "అప్పుడు దాన్నేమన్నారు?" అని అడిగాను. "ఏమంటాం, నాలుగు రోజులకు సర్దుకుంటుందిలే అనుకున్నాం" అంది. "దీన్నీ అలాగే అనుకోండి" అన్నాను.

ఆ అబ్బాయి గురించి నాకు ఇప్పటికీ బాధ ఉంది. అతని విషయంలో గట్టిగా పట్టించుకున్నవాళ్ళు లేరు. నడవగలడు, ఉద్యోగం ఉంది, కాబట్టి అతనికి థెరపీ అక్కర్లేదని చిన్నప్పుడే ఆపేశారు. ఇప్పటికీ బూట్ల లేసులు వాళ్ళమ్మే కడుతుంది. వేళ్ళు కట్టగలిగినవే. మా దగ్గరికి రమ్మని రెండుసార్లు కబురు చేశాను. అమ్మను అడిగి చెప్తానన్నాడు.

ఆ తర్వాత

పదకొండు నెలలకు కేసు ముగించాను. ఆఖరి ఆరు నెలల్లో ఇన్ఫెక్షన్ రాలేదు. పుండు లేదు. రోజుకు రెండు లీటర్ల నీళ్ళు, మంగళవారం, శుక్రవారం కూడా.

మొన్న ఫోన్ చేసింది. గుంటూరులో ఉద్యోగం, ఆడపిల్లల హాస్టల్లో కింది అంతస్తు గది. వార్డెన్ మంచిదే, బాత్రూము తలుపు వెడల్పు సరిపోయింది, గడప లేదు. వెనకాల డ్రిల్లింగ్ మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"అక్కా, వడ్రంగి వచ్చాడు. మన ఇంట్లో గడియ ఎంత ఎత్తులో పెట్టించాం?"

"నేల నుంచి మూడడుగులు" అన్నాను.

"మూడడుగులన్నా" అని అతనికి చెప్పి, పెట్టేసింది.